మా పిన్ని, సెక్రటరీ గారి స్వెట్టరు, ఒక హిప్పో

మీరు మా పిన్నిని ఒక్కసారి కలిసి తీరాలి. ఊరికే అనడం లేదు. ఒక గంట తీరిక చేసుకుని రండి, టీ నేను పెడతాను. ఒక్కటే జాగ్రత్త, ఉన్ని స్వెట్టరు గానీ శాలువా గానీ వేసుకుని మాత్రం రావద్దు. వేసుకొచ్చారో, మీతో కబుర్లు చెప్తూనే మీ మోచేతి దగ్గర వేలాడుతున్న పోగొకటి పుటుక్కున తెంపేస్తుంది. జేబులోంచి అగ్గిపెట్టె తీసి దాన్ని అంటించి వాసన చూస్తుంది. జుట్టు కాలిన వాసన వస్తే "ఆహా, అసలు ఉన్ని!" అని మీ వంక ఎంతో ప్రేమగా చూస్తుంది. అదే పోగు కరిగి నల్లటి గింజలాగా ముద్ద కట్టిందనుకోండి, "ప్లాస్టిక్కు. మోసపోయారు," అని మొహం మీదే చెప్పేస్తుంది.

బ్యాంకు లైన్లో ముందు నిలబడ్డ ఎవరో ఆవిడ శాలువాకి కూడా ఇదే పరీక్ష పెట్టింది. ఆవిడ వాసనకి వెనక్కి తిరిగి చూస్తే, అపరిచితురాలొకావిడ చేతిలో అగ్గిపుల్ల పట్టుకుని నవ్వుతోంది. "కంగారు పడకండి, మీది అసలుదే," అంది పిన్ని. ఆ బ్యాంకు గుమ్మం నేను మళ్ళీ తొక్కలేదు.

పిన్ని అంటే మా అమ్మకి స్వయానా చెల్లెలు. చదువుకోసమని వాళ్ళింటికొచ్చి, డిగ్రీ చేతికొచ్చాక కూడా అక్కడే అతుక్కుపోయాను. రెండో అంతస్తులో రెండు గదులు, పిన్ని, బాబాయి, నేను. బాబాయి కాలిపోయిన మోటార్లకి మళ్ళీ రాగి తీగ చుట్టే పని చేస్తాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు, మాట్లాడిన పదీ పిన్ని మీద జోకులే. పిన్ని ఆస్పత్రి లాండ్రీలో ఇరవయ్యారేళ్ళు పనిచేసి రిటైరైంది. ఈ లాండ్రీ సంగతి గుర్తు పెట్టుకోండి, నా తలనొప్పులన్నీ అక్కడ పుట్టినవే.

ఇప్పుడు ఆవిడ చేసేది బొమ్మలు. ఎముకలు తీగవి, కండ ఫెల్టుది. కొన్నది ఒక్కటీ ఉండదు. తీగ అంటే విరిగిన గొడుగుల ఊచలు, బట్టల హ్యాంగర్లు, అయిపోయిన నోట్‌బుక్కుల స్ప్రింగులు, బాబాయి పారేసే రాగి ముక్కలు. ఫెల్టు అంటే జనం వద్దనుకున్న ఉన్ని స్వెట్టర్లు. వాటిని మరిగే నీళ్ళలో వేసి, సబ్బు పెట్టి, ఒకసారి వేడినీళ్ళు ఒకసారి చన్నీళ్ళు మార్చి మార్చి చావబాదుతుంది. స్వెట్టరు సగానికి సగం కుంచించుకుపోయి, అట్టలాగా మందంగా తయారవుతుంది. ఇక దాన్ని ఎక్కడ కత్తిరించినా ఒక్క పోగు ఊడదు.

ఈ విద్య ఎక్కడ నేర్చుకుందంటే, ఒక తప్పు చేసి నేర్చుకుంది. లాండ్రీలో చేరిన కొత్తలో ఎవరో డాక్టరు గారి స్వెట్టరు దుప్పట్లతో పాటు మరుగు నీళ్ళ మెషీన్లోకి వెళ్ళిపోయింది. పెద్దాయన స్వెట్టరు లోపలికెళ్ళి పసిపిల్ల స్వెట్టరై బయటికొచ్చింది. దానికి ట్యాగు కుట్టలేదు, అదీ అసలు సంగతి. ఆస్పత్రి లాండ్రీలో ప్రతి గుడ్డకీ ఒక చిన్న బట్ట ట్యాగు ఉంటుందట, ఏ వార్డుది, ఎవరికి చేరాలి అని. ఒక వార్డు బట్టలు ఇంకో వార్డు బట్టలతో కలిపితే మహాపరాధం. కుట్టిన ట్యాగు కత్తిరిస్తే అంతకంటే పెద్దది. ఆ రోజు తిట్లు తిని, ఆ బుల్లి స్వెట్టరు ఇంటికి తెచ్చి, కసికొద్దీ కత్తెర వేసిందట. పోగు ఊడలేదు. "అప్పుడు చూశానే, గుడ్డ పోయి ఇంకేదో వచ్చింది," అంటుంది ఇప్పటికీ, నిన్న జరిగినట్టు. దాంతో ఒక ఏనుగు చేసింది. అది మా టీవీ మీద ఉంది, తొండం మీద డాక్టరు గారి కాలరు తాలూకు గీత ఇంకా కనిపిస్తుంది.

ఉద్యోగం వదిలేసింది గానీ లాండ్రీ రూల్సు వదల్లేదు. ఒక బొమ్మకి ఒకే ఇంటి ఉన్ని, ఇంకో ఇంటి ముక్క చచ్చినా కలపదు. బొమ్మ పూర్తవగానే కాలికింద చిన్న ట్యాగు కుడుతుంది, ఎవరికి చేరాలో రాసి. కుట్టాక అది వాళ్ళదే, దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వదు. కొత్త తీగ ఒక్క అంగుళం కొనదు. కుందేలు చేస్తుంటే గొడుగు ఊచలు అయిపోయాయి, నాలుగో కాలికి తీగ లేదు. కింద షాపులోనే దొరుకుతుంది, ఐదు నిమిషాల్లో తెస్తానన్నాను.

"ఎందుకే? మూడు కాళ్ళ మీద బానే నిలబడింది."

"పిన్నీ, కుందేలుకి నాలుగుంటాయి."

బాబాయి మోటారు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు, "మీ పిన్ని పట్టిన కుందేలుకి మూడే కాళ్ళమ్మా. నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను."

ఇలాంటి మనిషితో కాపరం ఎంత కష్టమో అర్థమవుతోందా? నెత్తీ నోరూ కొట్టుకున్నా అంతే, కొట్టుకోకపోయినా అంతే.

సరే, అసలు కథకొస్తాను. మా బిల్డింగు కింద పాత పంపు గది ఒకటుంది. పంపుని మేడ మీదకి మార్చేశాక అది ఖాళీ. కుళాయి ఉంది, నీళ్ళు పోయే తూము ఉంది, తాడు కట్టుకోడానికి గోడకి కొక్కేలున్నాయి. తొమ్మిదేళ్ళుగా పిన్ని అక్కడే ఉడకబెడుతుంది, ఆరేస్తుంది, వంచుతుంది, కుడుతుంది. ఇంట్లో చేసుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను. "ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారే. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు," అంది. నేను అప్పుడే ఆవిణ్ణి నా చార్జరు ఎక్కడుందని అడిగి ఉన్నాను, అందుకని నోరు మూసుకున్నాను.

ఆ గదికి ఎసరొచ్చింది. తడిసిన గొర్రె వాసన వస్తోందని మొదటి అంతస్తు వాళ్ళు ఫిర్యాదు చేశారు. పిల్లల సైకిళ్ళకి చోటు లేదని ఇంకెవరో. మెట్ల దగ్గర నోటీసు పడింది: పంపు గదిని బిల్డింగు సంఘం సెక్రటరీ శుక్రవారం సాయంత్రం తనిఖీ చేస్తారు, ఆదివారం మీటింగులో ఆయన చెప్పిన దాన్ని బట్టి నిర్ణయం.

సెక్రటరీ గారంటే నాలుగో అంతస్తు. చెడ్డవాడు కాదు గానీ రూలు మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకి పెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, తల ఎడమ పక్కకి వంచి నోటీసులు చదువుతాడు. అవి తను రాసినవే అయినా సరే. పదకొండేళ్ళుగా ఆయనకి ఒకటే స్వెట్టరు. ముదురు ఎరుపు, పొట్ట మీద రెండు పసుపు చారలు, మోచేతి దగ్గర మాసిక, గోధుమరంగు గుండీల మధ్య ఒక్కటి ఆకుపచ్చది. దూరం నుంచి ఆ ఆకుపచ్చ గుండీ కనిపిస్తే చాలు, పిల్లలు బంతి దాచేస్తారు.

అదే నెలలో పిన్నికి లైబ్రరీ నుంచి పని వచ్చింది. పిల్లల గదిలో పన్నెండు కిటికీలు, కిటికీకొక జంతువు కావాలన్నారు. శనివారం ఇవ్వాలి. పిన్ని నెల రోజుల నుంచి నిద్రాహారాలు మాని చేస్తోంది. గురువారం సాయంత్రం నేను టీ తీసుకుని కిందికెళ్ళేసరికి పన్నెండో బొమ్మకి ట్యాగు కుడుతోంది. హిప్పో.

చూశాను. టీ గ్లాసు అక్కడే పెట్టేశాను.

ముదురు ఎరుపు హిప్పో. పొట్ట చుట్టూ రెండు పసుపు చారలు. మోచేతి మాసిక సరిగ్గా పిర్ర మీద పడింది. కళ్ళు గుండీలు, ఒకటి గోధుమరంగు, ఒకటి ఆకుపచ్చ. ముక్కు చివర నోట్‌బుక్కు స్ప్రింగుతో చేసిన కళ్ళజోడు. తల ఎడమ పక్కకి వంగి ఉంది.

"పిన్నీ... ఇది సెక్రటరీ గారు."

"హిప్పో."

"ఈ స్వెట్టరు ఎక్కడిది?"

"వాళ్ళావిడ పోయిన నెల సంచితో ఇచ్చింది. మంచి ఉన్నే, ఎంత బాగా కుంచించుకుందో! పట్టుకుని చూడు."

"నేను పట్టుకోను! రేపు ఆయన తనిఖీకొస్తున్నాడు! కనీసం ఆ కళ్ళజోడు తీసెయ్యి. తలన్నా నిటారుగా పెట్టు!"

"తీగ అటే వంగింది. నేనేం చెయ్యను? తిప్పితే విరుగుతుంది."

"కళ్ళజోడు కూడా దానంతటదే పెట్టుకుందా?"

హిప్పోని వెలుతురుకి పట్టి చూసింది. "ఆ మొహానికి అది లేకపోతే ఏదో వెలితిగా ఉందే," అంది.

చెప్పండి, ఇలాంటి మనిషిని ఏం చేస్తారు? కొరివితో తల గోక్కోవడం అంటే విన్నాను గానీ, ఆ కొరివికి కళ్ళజోడు కూడా పెట్టడం అప్పుడే చూశాను. అందుకే మర్నాడు ఆయన రావడానికి పది నిమిషాల ముందు, పిన్ని చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, హిప్పోని నా కాలేజీ బ్యాగులో కుక్కేశాను. తెలివైన పని అనుకున్నాను. డిగ్రీ చదివాను కదా.

సెక్రటరీ గారు వచ్చాడు. స్వెట్టరు లేకుండా ఆయన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి, ఏదో పొట్టు తీసినట్టున్నాడు. తూము చూశాడు, కుళాయి తిప్పి చూశాడు, వాసన పీల్చి కాయితం మీద రాసుకున్నాడు. షెల్ఫు మీద బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూశాడు. కుందేలు దగ్గర ఆగి కాళ్ళు లెక్కపెట్టాడు, అది కూడా రాసుకున్నాడు. పిన్ని ఏదీ వివరించలేదు, వాదించలేదు. చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నేను బ్యాగు కౌగిలించుకుని నిలబడ్డాను.

అప్పుడాయన గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మా, ఒక మాట. నా ఎర్ర స్వెట్టరు మూడు వారాల నుంచి కనపడట్లేదు. మా ఆవిడ నోరు విప్పట్లేదు. ఇల్లంతా వెతికాను. పొరపాటున ఇక్కడికి గానీ వచ్చిందా?"

నేను పిన్ని వంక చూసి తల అడ్డంగా ఊపాను. కనుబొమలతో, పెదాలతో, చేతనైన ప్రతిదానితో వద్దన్నాను.

"వచ్చిందన్నయ్యగారూ," అంది పిన్ని. "ఉడకబెట్టేశాను."

ఆయన మొహం చూడాలి మీరు. ఎవరో పోయారని చెప్తే పెట్టే మొహం.

"మీకు తెలియకుండా ఇచ్చిందని నాకు తెలీదు," పిన్ని గొంతు కూడా తగ్గిపోయింది. "నేనే అడగాల్సింది, ఇది ఎవరిదీ, ఆయనకి చెప్పారా అని. ఇరవయ్యారేళ్ళు ట్యాగులు చదివినదాన్ని. వదిన ఇచ్చింది కదా అని తీసుకున్నాను. తప్పు నాదే. ఉండండి, చూపిస్తాను." షెల్ఫు వైపు తిరిగింది. మూడో అరలో ఖాళీ. "ఇక్కడే పెట్టానే..." కింద చూసింది, బుట్టలో చూసింది.

"అమ్మేశారా?" అన్నాడాయన, మెల్లిగా.

అమ్మేశారా. అబద్ధం అంటే ఏమిటో తెలియని మనిషిని పట్టుకుని ఆ మాట. నేను అడ్డంగా దొరికిపోయాను. చెప్తే ఆయన తనని తాను చూసుకుంటాడు, చెప్పకపోతే పిన్ని దొంగవుతుంది. బ్యాగు జిప్పు తీశాను.

హిప్పోని బల్ల మీద పెట్టాను. కుక్కడంలో కళ్ళజోడు ఇంకాస్త కిందికి జారి, అచ్చం ఆయనలాగే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు, తల ఎడమ పక్కకి వంచాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి గొంతులో ఏదో శబ్దమైంది, దగ్గుగా మార్చేశాను.

కిందికి తన పొట్ట వంక చూసుకుని అన్నాడు, "నా పొట్ట అంత ఉంటుందా అమ్మా?"

"లేదన్నయ్యగారూ," అంది పిన్ని నిజాయితీగా. "ఇంకా ఉంటుంది. ఉన్ని సరిపోలేదు."

అయిపోయింది, గది పోయింది అనుకున్నాను. కానీ ఆయన నవ్వాడు! నోటీసులు రాసే ఆ నోటితో నవ్వాడు. వేలితో ఆకుపచ్చ గుండీ ముట్టుకున్నాడు. "ఇది మా అమ్మ కుట్టింది. గోధుమరంగుది దొరకలేదు ఆ రోజు," అన్నాడు. "దీన్ని నాకు ఇచ్చేస్తారా?"

పిన్ని హిప్పోని తిరగేసి చూసింది. కాలికింద ట్యాగు, 'లైబ్రరీ, మూడో కిటికీ'. కుట్టిన ట్యాగు కత్తిరించకూడదు. కానీ ఎవరిది వాళ్ళకే చేరాలి కదా, ఆ స్వెట్టరు ఆయన ఇవ్వలేదు. లాండ్రీ రూల్సు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. మొహంలోనే కనిపిస్తోంది నాకు. తర్వాత నిట్టూర్చి బల్ల మీది కత్తెర తీసుకుంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ట్యాగు కత్తిరించబోవడం అదే మొదటిసారి.

కత్తెర ట్యాగు దారం దాకా వచ్చింది. అప్పుడాయన సంతోషం పట్టలేక అన్నాడు, "చాలా థ్యాంక్సమ్మా. గది గురించి మీరేం బెంగ పెట్టుకోకండి. ఆదివారం నేను చూసుకుంటాను."

కత్తెర ఆగిపోయింది.

పిన్ని కత్తెర కింద పెట్టేసింది.

"ఇప్పుడివ్వను అన్నయ్యగారూ."

"అదేమిటమ్మా?"

"గది మాట వచ్చింది కదా. ఇప్పుడిస్తే గది కోసం ఇచ్చినట్టుంటుంది. ఇది మీ వస్తువు, మీ వస్తువులాగే మీకు చేరాలి. ఆదివారం మీటింగు అవనివ్వండి. మీరేం చెప్పాలనుకుంటే అది చెప్పండి. సోమవారం పొద్దున్న నేనే తెచ్చిస్తాను."

"నేను ఆ ఉద్దేశంతో అనలేదు..."

"నాకు తెలుసు. అయినా సరే."

ఆయన మొహం ఎర్రబడింది, కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఏమన్నానో రాయను. చివర్లో మాత్రం, "ఒక్క కత్తిరింపు పిన్నీ! గదీ దక్కేది, ఆయనా ఖుషీ, లైబ్రరీకి నేను సర్ది చెప్పేదాన్ని!" అని అరిచాను.

"బ్యాగులో కుక్కితే చెవి వంగిపోయింది చూడు," అంది, హిప్పో చెవి సరిచేస్తూ.

శనివారం లైబ్రరీకి పదకొండు బొమ్మలే వెళ్ళాయి. మూడో కిటికీ ఖాళీ. లైబ్రేరియన్ పర్వాలేదంది, కుందేలుని చూసి నాలుగో కాలు దారిలో పడిపోయిందేమోనని నన్ను బస్టాపు దాకా వెతికించింది.

ఆదివారం మీటింగులో సెక్రటరీ గారు కాయితం చదివాడు. గదిలో తడి ఉంది. వాసన ఉంది. అనుమతి ఎక్కడా రాసి లేదు. ఖాళీ చేయించడమే నియమం. తల ఎత్తకుండా చదివాడు. అంతా అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి అన్నాడు, "గది ఉండనివ్వమని చెప్తే లంచం తిన్నట్టవుతుందమ్మా ఇప్పుడు. మీ పిన్నిగారే నన్ను ఇరికించేశారు."

విన్నారా? ఈవిడ గది కోసం ఇచ్చినట్టుంటుందని ఇవ్వదు. ఆయన బొమ్మ కోసం ఇచ్చినట్టుంటుందని ఇవ్వడు. ఒకరికి ఒకరు సరిపోయారు, మధ్యలో నా తల ప్రాణం తోకకొచ్చింది.

సోమవారం పొద్దున్న ఏడింటికి పిన్ని ట్యాగు కత్తిరించింది. నాలుగు అంతస్తులు ఎక్కి, హిప్పోని ఆయన చేతికిచ్చి, కిందికొచ్చి పంపు గది సామాను సర్దడం మొదలెట్టింది. ఏడవలేదు. కొక్కేలకి కట్టిన తాడు విప్పేటప్పుడు మాత్రం, ముడులన్నీ విప్పేశాక కూడా తాడు చివర పట్టుకుని కాసేపు నిలబడింది. నేను వెళ్ళి తాడు రెండో చివర పట్టుకున్నాను. "చుట్టు, ఊరికే నిలబడతావేం," అంది.

ఇప్పుడు పంపు గదిలో పద్నాలుగు సైకిళ్ళున్నాయి. మా వంటగదిలో గొర్రె వాసన ఉంది. స్నానాల గదిలో బకెట్టు ఖాళీ ఉండదు, నా టీలో ఉన్ని నూగు తేలుతుంది, నిన్న బాబాయి మోటారులో నక్క తోక దొరికింది. రోజంతా అందరూ ఆవిణ్ణి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, నాతో సహా. నాలుగో అంతస్తు కిటికీలో మాత్రం ఎర్ర హిప్పో కళ్ళజోడు పెట్టుకుని బయటికి చూస్తూ ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి కూడా బంతి దాచేస్తున్నారు.

పోయిన వారం సెక్రటరీ గారు ఒక సంచి పంపించాడు. పైన కాయితం, 'ఇందులోని మఫ్లరు నాది, నా పూర్తి సమ్మతితో ఇచ్చినది', కింద సంతకం, తేదీ. పిన్ని చాలా సంతోషించింది. మూడో కిటికీకి సరిపోతుందంది. పోగొకటి తెంపి, అగ్గిపుల్ల వెలిగించింది.

కరిగి గింజ కట్టింది.

మూడో కిటికీ ఇంకా ఖాళీయే. నాకింకా కోపం తగ్గలేదు, ఆ కత్తెర గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. కానీ ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. దారం మీద కత్తెర ఉంది, గది దక్కుతుందన్న మాట అప్పుడే చెవిన పడింది. మీరైతే కత్తిరించేవాళ్ళా, కింద పెట్టేవాళ్ళా?